సర్వర్ బాగానే ఉంది!

‘కనెక్ట్ అవ్వట్లేదు’ అనగానే అందరూ ఎక్కడో ఉన్న సర్వర్‌ను తిట్టుకుంటారు. తీరా చూస్తే తప్పు ఎదురుగా ఉన్న కంప్యూటర్లోనే, హడావిడిగా నొక్కేసిన ఏదో ఒక ‘నెక్స్ట్’ బటన్ దగ్గరే దొరుకుతుంది.

అమీర్‌పేటలో రాత్రి పదకొండు. మైత్రీవనం ఎదుట బజ్జీల బండ్లు సర్దేస్తున్నారు. కోర్సుల బ్యానర్లు వేలాడే సందులో మూడో అంతస్తు హాస్టల్ గది. మూడు మంచాలు, ఒకటే ప్లగ్‌బోర్డు, దాన్నుంచి మూడు చార్జర్లు. వారం కిందట కర్నూలు బస్సు దిగిన కుర్రాడు, అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచి డౌన్‌లోడ్ అవుతున్న ఒరాకిల్ ఎట్టకేలకు ఎక్కింది. నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. జిరాక్స్ నోట్స్‌లో ఉన్నట్టే యూజర్‌నేమ్ స్కాట్, పాస్‌వర్డ్ టైగర్, పక్కన ‘ఎట్ ఓఆర్‌సీఎల్’ అని కొట్టి ఎంటర్ నొక్కాడు.

ఓరా-12154.

మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

“అన్నా, సర్వర్ డౌన్ ఉన్నట్టుంది” అన్నాడు పక్క మంచం మీది సీనియర్‌తో.

“ఏం సర్వర్ రా? నీ సర్వర్ నీ ఒళ్లోనే ఉంది కదా!” అటు తిరిగి పడుకుంటూ ఆయన చెప్పిన మందు మాత్రం అందరూ చెప్పేదే. “అన్ఇన్‌స్టాల్ కొట్టి మళ్లీ వెయ్.”

కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ అమీర్‌పేట హాస్టళ్లలో ఇలాంటి రాత్రులు మామూలే. ఎస్‌క్యూఎల్‌లో మొదటి ప్రశ్న రాయకముందే ఎదురయ్యే మొదటి పరీక్ష ఇది. సిలబస్‌లో ఉండదు, ఫీజులో కలవదు.

అయితే ఇప్పుడిది విద్యార్థుల గోల మాత్రమే కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆఫీసులు, ఆడిటర్ల గదులు, మందుల హోల్‌సేల్ దుకాణాలు, ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లు పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి కొంటున్నాయి. పదేళ్ల కిందట ఎవరో కూర్చుని సరిచేసి పెట్టిన డ్రైవర్లు, ఫైళ్లు, సెట్టింగులు పాత డబ్బాతోపాటే వెళ్లిపోతున్నాయి. కొత్త డబ్బాలో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, డేటా మాత్రం రాదు. కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లకు వినపడే జవాబు ఒక్కటే. ‘సర్వర్ డౌన్ సార్, కాసేపాగి రండి.’

సర్వర్‌కు అసలు సంగతే తెలియదు.

గడప దాటని పిలుపు

పైన కుర్రాడికి కనిపించిన 12154 అనే సంఖ్య ఒరాకిల్ వాడినవాళ్లందరికీ చిరపరిచితం. దాని భావం ‘నువ్వు చెప్పిన పేరుకు చిరునామా తెలియలేదు’ అని, అంతే. ఒరాకిల్ క్లయింట్‌కు ఒక పేరు ఇస్తే, అది టీఎన్‌ఎస్‌నేమ్స్ డాట్ ఓరా అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో వెతుకుతుంది. ఆ పేరుకు ఏ కంప్యూటర్, ఏ పోర్టు, ఏ సర్వీసు అన్నది అందులో ఉంటుంది. అక్కడ పేరు దొరక్కపోతే వెళ్లాల్సిన చోటే తెలియనట్టు. కాబట్టి ఈ ఎర్రర్ వచ్చిందంటే సర్వర్‌ను ఎవరూ పలకరించనేలేదన్నమాట. ఆ కుర్రాడి నోట్స్ పాత ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌ది, అందులో పేరు ఓఆర్‌సీఎల్. ల్యాప్‌టాప్‌లో దిగింది ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్, దాని పేరు ఎక్స్‌ఈ. పేరు సరిచేసుకున్నా కథ అయిపోదు. 2013లో వచ్చిన 12సీ నుంచి ఒరాకిల్ డేటాబేస్ లోపలి అమరికే మారింది. నోట్స్‌లోని స్కాట్ అక్కడ ముందే సిద్ధంగా ఉండడు. ఈసారి వచ్చేది 01017, యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పని.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. మొదటి ఎర్రర్‌లో పిలుపు గడప దాటలేదు. రెండోదానిలో డేటాబేస్ దాకా వెళ్లి, అక్కడ కాదనిపించుకుని వచ్చింది. చూసేవాళ్లకు రెండూ ‘కనెక్ట్ అవ్వట్లేదు’ అనే కనిపిస్తాయి. బాగుచేసేవాడికి మాత్రం రెండూ వేర్వేరు ఊళ్లు.

మధ్యలో ఇంకో మజిలీ ఉంది, లిజనర్. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి వాచ్‌మన్‌ లాంటి ప్రోగ్రామ్ ఇది. సాధారణంగా 1521 పోర్టు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లను ఫలానా డేటాబేస్‌కు పంపుతుంది. గేటు దగ్గర ఎవరూ లేకపోతే 12541. వాచ్‌మన్ ఉన్నా ‘ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరండీ’ అంటే 12514. అంకెలు అటూఇటూ అయ్యాయంతే, అర్థం పూర్తిగా వేరు. ఫోన్లో ఎర్రర్ నంబర్ చదివి వినిపించేటప్పుడు ఈ రెండూ తారుమారై గంటలు వృథా కావడం సపోర్ట్ డెస్కుల్లో పాత సంగతే.

టీఎన్‌ఎస్‌పింగ్ అనే చిన్న పరికరం కూడా అలాగే మోసం చేస్తుంది. ‘ఓకే’ అని చూపిస్తే డేటాబేస్ నడుస్తోందని సంబరపడతారు. అది పలకరించి వచ్చింది వాచ్‌మన్‌నే. పైన ఫ్లాటులో ఎవరైనా ఉన్నారో లేదో దానికి తెలియదు.

స్కాట్ ఎవరు? టైగర్ ఎవరు?

*ఒరాకిల్ నేర్చుకున్న ప్రతి తెలుగు ఇంజినీరుకూ ఈ జంట గుర్తే. 1977లో సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ లేబొరేటరీస్ పేరుతో మొదలైన కంపెనీలో తొలినాళ్ల ఉద్యోగి బ్రూస్ స్కాట్. టైగర్ ఆయన కూతురి పిల్లి. ఆ ఖాతాలోని ఎంప్ టేబుల్లో 14 మంది ఉద్యోగులు ఉంటారు. గుమస్తా స్మిత్ జీతం 800, ప్రెసిడెంట్ కింగ్ జీతం 5000. దశాబ్దాలు గడిచినా ఎవరికీ ఇంక్రిమెంటు పడలేదు. ఇంకో విశేషం, 1979లో వచ్చిన తొలి ఒరాకిల్‌కు పెట్టిన సంఖ్య 2. మొదటి వెర్షన్ అంటే కొనేవాళ్లు జంకుతారని ఒకటిని వదిలేశారు.*

32లో 64, 64లో 32

సర్వర్ గురించిన ఊసే లేకుండా కనెక్షన్ చెడగొట్టే వాటిలో మొదటి స్థానం 32-బిట్, 64-బిట్ తికమకకే ఇవ్వాలి. ఎక్సెల్‌లోకి డేటా లాగాలన్నా, పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడవాలన్నా మధ్యలో ఓడీబీసీ డ్రైవర్ ఒకటి కావాలి. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. నియమం చిన్నదే. ప్రోగ్రామ్ 32-బిట్ అయితే డ్రైవర్ కూడా 32-బిట్‌దే కావాలి. ప్రోగ్రామ్ 64 అయితే డ్రైవరూ 64. విండోస్ ఎన్ని బిట్లదన్నది కాదు, ప్రోగ్రామ్ ఎన్ని బిట్లదన్నదే ముఖ్యం.

నియమం తెలిసినా తప్పించుకోలేని చిక్కు ఒకటి మైక్రోసాఫ్టే పెట్టింది. 64-బిట్ విండోస్‌లో డ్రైవర్ల సెట్టింగులు, డీఎస్‌ఎన్ అనే కనెక్షన్ పేర్ల జాబితా చూసే ప్రోగ్రామ్‌లు రెండుంటాయి. రెండింటి ఫైలు పేరూ ఓడీబీసీఏడీ32నే. 64-బిట్‌ది సిస్టమ్32 అనే ఫోల్డర్లో ఉంటుంది. 32-బిట్‌ది సిస్‌వావ్64 అనే ఫోల్డర్లో ఉంటుంది. తప్పు చదవలేదు, అలాగే ఉంటుంది. పాత ప్రోగ్రామ్‌లు ఆగిపోకూడదని పాత పేర్లు అలాగే ఉంచేయడం వల్ల వచ్చిన వింత ఇది. అందుకే ‘డీఎస్‌ఎన్ పెట్టాను సార్, అయినా దొరకట్లేదంటోంది’ అనే ఫిర్యాదు ఇన్నేళ్లయినా ఆగలేదు. ఒక జాబితాలో పెడతారు, ప్రోగ్రామ్ రెండో జాబితాలో వెతుకుతుంది.

విండోస్ 11కు 32-బిట్ రూపమే లేదు. ఎంఎస్ ఆఫీస్ కూడా 2019 నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే 64-బిట్‌దే దిగుతుంది. పాత కంప్యూటర్లో 32-బిట్ ఎక్సెల్, 32-బిట్ డ్రైవర్ పదేళ్లు కాపురం చేశాయి. కొత్త కంప్యూటర్ కొన్న రోజున ఎక్సెల్ 64 అయింది, డ్రైవర్ మాత్రం పాత సీడీలోంచే వచ్చింది. ఏసీఈ అనే డ్రైవర్ ‘ఈ మెషీన్‌లో రిజిస్టర్ కాలేదు’ అని వచ్చే ప్రసిద్ధమైన ఎర్రర్ వెనక తరచూ ఉండేది ఇదే. అకౌంట్స్ గుమస్తా ‘నిన్నటిదాకా బాగానే ఉందండీ’ అంటాడు. ఆయన మాట నిజమే. నిన్నటి కంప్యూటర్ వేరు.

బ్రాకెట్టు తెచ్చిన తంటా

చిన్న గుర్తు ఒకటి పెద్ద సాఫ్ట్‌వేర్‌ను ఎలా నిలబెట్టేస్తుందో చెప్పాలంటే దీనికి మించిన ఉదాహరణ దొరకదు. 64-బిట్ విండోస్ వచ్చాక 32-బిట్ ప్రోగ్రామ్‌ల కోసం ‘ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)’ అనే ఫోల్డర్ పుట్టింది. పేరులో బ్రాకెట్లు ఉన్నాయి. పాత ఒరాకిల్ క్లయింట్లు సర్వర్‌కు పంపే చిరునామాను కూడా బ్రాకెట్లలోనే రాస్తాయి. ఒక బ్రాకెట్టులో ఇంకోటి, దానిలో మరోటి. ఆ చిరునామాలో ‘నన్ను పిలుస్తున్న ప్రోగ్రామ్ ఫలానా ఫోల్డర్లో ఉంది’ అన్న వివరం కూడా చేర్చేవి. ఫోల్డర్ పేరులోని బ్రాకెట్టు వచ్చి లెక్క తప్పించేది. చిరునామా సగంలో ముగిసిందనుకుని క్లయింట్ చేతులెత్తేసేది.

అప్పుడు తెర మీద కనిపించేదీ 12154నే. టీఎన్‌ఎస్‌నేమ్స్ ఫైలు నిక్షేపంగా ఉంటుంది. ఇదే కంప్యూటర్లో ఇంకో ప్రోగ్రామ్ హాయిగా కనెక్ట్ అవుతుంది. ఇది మాత్రం కాదు. ఎందుకో తెలియక జుట్టు పీక్కున్న ఇంజినీర్లు చివరికి కనిపెట్టిన చిట్కా, ప్రోగ్రామ్‌ను బ్రాకెట్టు లేని ఫోల్డర్లోకి మార్చి ఇన్‌స్టాల్ చేయడం. తర్వాత ఒరాకిల్ ప్యాచ్ ఇచ్చింది.

ఇంకో ఘనమైన మూలకారణం నోట్‌ప్యాడ్. టీఎన్‌ఎస్‌నేమ్స్ ఫైలును చేత్తో రాసి సేవ్ చేస్తే, నోట్‌ప్యాడ్ చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది. విండోస్ ఆ తోకను దాచిపెడుతుంది. చూసేవాడికి పేరు సరిగ్గానే కనిపిస్తుంది, ఒరాకిల్‌కు ఆ ఫైలు ఉన్నట్టే తెలియదు. ఒకే కంప్యూటర్లో రెండు మూడు ఒరాకిల్ క్లయింట్లు ఉంటే మరీ తమాషా. దేని ఫోల్డర్ దానిదే, దేని టీఎన్‌ఎస్‌నేమ్స్ దానిదే. కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్ తన ఫోల్డర్‌ను, విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం వెతికే పాత్ వరుసలో ముందుకు తోసుకుని కూర్చుంటే, అప్పటిదాకా నడిచినవి కూడా ఆగిపోతాయి. మార్చాల్సిన ఫైలే మార్చారా, పక్క ఫైలు మార్చారా అన్నది తేలకుండా ఎంత తల బాదుకున్నా లాభం లేదు. టీఎన్‌ఎస్_అడ్మిన్ అనే వేరియబుల్ పెట్టి అన్నిటికీ ఒకటే ఫోల్డర్ చూపించడం అనుభవజ్ఞులు మొదట చేసే పని.

పలికింది వేరొకరు

పీహెచ్‌పీ ప్రాజెక్టు చేసే బీటెక్ పిల్లల ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపించే గొడవ ఇంకోటి. కాలేజీ ల్యాబ్ కోసం మైఎస్‌క్యూఎల్ విడిగా వేసుకుంటారు. ప్రాజెక్టు కోసం జాంప్ అనే ప్యాకేజీ వేస్తారు. జాంప్ తన వెంట ఇంకో డేటాబేస్‌ను తెచ్చుకుంటుంది. 2015 నుంచి అది మైఎస్‌క్యూఎల్ కాదు, దాని సోదరి మరియాడీబీ. రెండూ 3306 పోర్టే కావాలంటాయి. ముందు లేచినదానికి పోర్టు దక్కుతుంది, రెండోది మొదలవ్వగానే పడిపోతుంది. పడిపోతే నయమే, తెలుస్తుంది. అంతకన్నా తికమక ఏమిటంటే కనెక్షన్ అందుతుంది, పాస్‌వర్డ్ తప్పంటుంది. సరైన పాస్‌వర్డే కొట్టారు, పలికిన డేటాబేసే వేరు.

సోదరి అన్నది ఊరికే అన్న మాట కాదు. రెండిటినీ సృష్టించిన మాంటీ విడేనియస్ తన కూతుళ్లు మై, మరియాల పేర్లే వాటికి పెట్టారు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనూ ఇదే కథ, కాస్త మర్యాదగా. డెబియన్, ఉబుంటుల్లో పాత వెర్షన్ ఉండగా కొత్తది వేస్తే, అది గొడవ పడకుండా పక్కకు జరిగి 5433 తీసుకుంటుంది. క్లయింట్ మాత్రం అలవాటు కొద్దీ 5432 దగ్గరికే వెళ్తుంది. అక్కడ పాత డేటాబేస్ పలుకుతుంది. ‘నా టేబుళ్లన్నీ పోయాయి’ అని గుండె జారిపోయేది అప్పుడే. ఏవీ పోలేదు, పక్క గుమ్మంలో ఉన్నాయి.

అసలు గుమ్మమే లేకపోవడమూ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ నేర్చుకుంటానని కొందరు మేనేజ్‌మెంట్ స్టూడియో ఒక్కటే దించుకుంటారు. 2016 నుంచి అది విడి డౌన్‌లోడ్. తెరవగానే ‘సర్వర్ నేమ్’ అని ఖాళీ గడి అడుగుతుంది. ఏం రాసినా ఎర్రరే, ఎందుకంటే డేటాబేస్ ఇంజిన్ ఆ కంప్యూటర్లో లేనేలేదు. ఇంజిన్ వేసుకున్నవాళ్లకూ ఒక ఆటంకం కాచుకుని ఉంటుంది. ఎక్స్‌ప్రెస్, డెవలపర్ ఎడిషన్లలో టీసీపీ/ఐపీ మొదట్లో ఆపేసి ఉంటుంది. అదే కంప్యూటర్లో పనిచేస్తుంది, పక్క బల్ల మీది కంప్యూటర్ నుంచి రాదు. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో దాన్ని ఆన్ చేసి సర్వీసు రీస్టార్ట్ చేయాలని ఇన్‌స్టాలర్ ఎక్కడా చెప్పదు.

సర్వర్ మారింది, డ్రైవర్ మారలేదు

సర్వర్ మీద కొత్త వెర్షన్ వేసి, క్లయింట్లను మరిచిపోతే వచ్చే తంటా ఇంకో రకం. 2018లో మైఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మార్చింది. పాత డ్రైవర్లకు ఆ కొత్త పద్ధతి రాదు. ఫలితం, పాస్‌వర్డ్ సరైనదైనా 2059 ఎర్రర్. అప్పట్లో అందరూ పట్టుకున్న దారి, సర్వర్‌నే పాత పద్ధతికి దించేయడం. పని జరిగింది, అసలు సమస్య వాయిదా పడింది. 2024లో 8.4 వచ్చాక పాత పద్ధతి మామూలుగా పనిచేయదు, అదే ఏడాది వచ్చిన 9.0లో పూర్తిగా తీసేశారు. వాయిదా వేసిన డ్రైవర్ల పని మళ్లీ బల్ల మీదికి వచ్చింది. పోస్ట్‌గ్రెస్ 14 కూడా 2021లో స్క్రామ్ అనే పాస్‌వర్డ్ పద్ధతిని మామూలు పద్ధతిగా చేసింది. మైక్రోసాఫ్ట్ ఓడీబీసీ డ్రైవర్ 18 ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరి అన్నట్టు మొదటే ఆన్ చేసి పంపింది. సొంత సర్టిఫికెట్‌తో కాలం గడుపుతున్న ఆఫీసు సర్వర్లను నమ్మనని మొరాయించింది. భద్రత దృష్ట్యా ఈ మార్పులన్నీ సరైనవే. ముందస్తు కబురు అందాల్సిన చోటికి అందకపోవడమే కొరత.

తీసేసినా పోనివి

‘అన్ఇన్‌స్టాల్ కొట్టి మళ్లీ వెయ్’ అనే సలహాకు ఇంత పేరెందుకు వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. మొబైల్ యాప్‌లకు అది పనిచేస్తుంది. డేటాబేస్‌ల దగ్గర అది చాలాసార్లు ఉన్న చిక్కుకు ఇంకో ముడి వేస్తుంది. ఒరాకిల్ ఫోల్డర్‌ను డిలీట్ చేసినంత మాత్రాన రిజిస్ట్రీలోని వివరాలు పోవు, విండోస్ సర్వీసులు పోవు, పాత్‌లో దాని పేరు పోదు. వాటి మీద కొత్తది వేస్తే ఇన్‌స్టాలర్ పాత గుర్తులు చూసి తడబడుతుంది. ఒరాకిల్ దీనికోసమే డీఇన్‌స్టాల్ అనే ప్రోగ్రామ్ విడిగా ఇస్తుంది, దాన్ని వాడేవాళ్లే తక్కువ. మైఎస్‌క్యూఎల్ అయితే డేటాను ప్రోగ్రామ్‌డేటా అనే దాచిన ఫోల్డర్లో ఉంచుతుంది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసినా పాత రూట్ పాస్‌వర్డ్ అక్కడే బతికి ఉండగలదు. మరిచిపోయిన పాస్‌వర్డ్ కోసమే కదా తీసేసింది!

376 బైట్ల పురుగు

*2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు ప్రపంచాన్ని చుట్టేసింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేరున్న ఇన్‌స్టెన్సుల చిరునామా చెప్పే 1434 పోర్టే దాని దారి. మొదట్లో 8.5 సెకన్లకోసారి రెట్టింపై, కనీసం 75,000 కంప్యూటర్లకు పాకింది. అమెరికాలో ఏటీఎంలు ఆగాయి, ఒహాయోలోని డేవిస్-బెస్సీ అణువిద్యుత్ కేంద్రంలో భద్రతా వివరాలు చూపే వ్యవస్థ గంటల తరబడి పనిచేయలేదు. విరుగుడు ప్యాచ్ 2002 జులైలోనే వచ్చింది. కానీ ఇతర సాఫ్ట్‌వేర్లతోపాటు చప్పుడు లేకుండా దిగిన ఎంఎస్‌డీఈ అనే చిన్న డేటాబేస్ తమ దగ్గర ఉందనే చాలామందికి తెలియదు.*

తలుపులు బార్లా తెరిస్తే

కనెక్షన్ రాక విసిగిపోయిన మనిషి చేసే పనులే అసలు ప్రమాదం. ఫైర్‌వాల్ ఆపేస్తారు. అన్ని చిరునామాల నుంచీ రావచ్చని సర్వర్‌కు చెబుతారు. అడ్మిన్ ఖాతాకు తేలికైన పాస్‌వర్డ్ పెడతారు. కనెక్ట్ అవుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తిరిగి మూసేవాడు మాత్రం ఎవడూ ఉండడు.

అలా తెరిచి వదిలేసినందుకు పెద్దఎత్తున మూల్యం చెల్లించింది మోంగోడీబీ వాడకందార్లు. పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉంచిన వేలాది డేటాబేస్‌లను 2017 జనవరిలో దుండగులు తుడిచిపెట్టి, డబ్బు కట్టమని చీటీ వదిలి వెళ్లారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మోంగోడీబీ మొదట్లో సొంత కంప్యూటర్‌కే పలుకుతుంది, బయటివాళ్లకు కావాలంటే మనమే చెప్పాలి. దాంతో భద్రత పెరిగింది, ‘కనెక్ట్ అవ్వట్లేదు’ ఫిర్యాదులూ పెరిగాయి.

అర్ధరాత్రి ఫోను

హైటెక్ సిటీలో ప్రొడక్షన్ సపోర్ట్ చేసేవాళ్ల రాత్రుళ్లు ఈ సంఖ్యల చుట్టూనే తిరుగుతాయి. అమెరికాలో పగలు, ఇక్కడ రాత్రి. అవతలి గొంతు ‘డేటాబేస్ ఈజ్ డౌన్’ అంటుంది. ఇవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘అందరికీనా, మీ ఒక్కరికేనా?’ అన్నది. అందరికీ అయితే సర్వర్ వైపు చూడాలి. ఒక్కరికే అయితే ఆ ఒక్కరి సిస్టం వైపు. రెండో ప్రశ్న, ‘నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం ఇన్‌స్టాల్ చేశారు?’ జవాబు దాదాపు ఎప్పుడూ ‘ఏమీ లేదు’ అనే వస్తుంది. కాసేపటికి ‘కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు’, ‘ఏదో అప్‌డేట్ అడిగితే ఎస్ అన్నాను’ అని నెమ్మదిగా బయటపడుతుంది. ఎర్రర్ బాక్సులో ‘ఓకే’ నొక్కేసి, సంఖ్య గుర్తులేదనేవాళ్లతో ఇంకో గంట పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు వాళ్లను ఏమీ అనరు, ‘మళ్లీ ఒకసారి ప్రయత్నించి స్క్రీన్‌షాట్ పంపండి’ అంటారు.

క్లయింట్ సాఫ్ట్‌వేర్ బెడద తగ్గించాలని కంపెనీలూ ప్రయత్నిస్తున్నాయి. ఒరాకిల్ ఇన్‌స్టంట్ క్లయింట్ జిప్ ఫైలులా విప్పుకుంటే చాలు. డాకర్‌లో మొత్తం డేటాబేసే ఒక ఆదేశంతో దిగుతుంది. పైథాన్ వాడేవాళ్ల కోసం ఒరాకిల్ 2022లో తెచ్చిన కొత్త డ్రైవర్‌కు విడిగా క్లయింట్ అక్కర్లేదు. పిప్ ఇన్‌స్టాల్ చేసి నేరుగా కనెక్ట్ కావచ్చు. ఒక్కటే షరతు, సర్వర్ 12.1 లేదా ఆ తర్వాతి వెర్షన్ అయి ఉండాలి. 11జీ సర్వర్‌ను ఇంకా వదలని ఆఫీసులో దీన్ని నడిపితే డీపీవై-3010 అనే కొత్త సంఖ్య కనిపిస్తుంది. దానికి డాక్యుమెంటేషన్ చెప్పే ఉపాయం, ఇన్‌స్టంట్ క్లయింట్ తెచ్చి ఇన్‌స్టాల్ చేసుకోవడమే.